చిన్నిని బడికి తీసుకెళ్ళిన రోజు

మంగళవారం, రాత్రి

పిల్లల్ని చూసుకునే పక్కింటి మామ్మగారికి జ్వరం ఇంకా తగ్గలేదు. నాకు సెలవులు మిగల్లేదు. మా ఆయనేమో విశాఖలో. చేసేది లేక ఇద్దర్నీ షేర్ ఆటోలో నేను పాఠాలు చెప్పే గొలుగొండ బడికి నాతోనే తీసుకెళ్ళాను.

బాబు చాప మీద నిద్రపోయాడు. మూడేళ్ళ చిన్ని మాత్రం పాఠం మధ్యలో "అమ్మా, అమ్మా" అంటూ నా చీర లాగుతూనే ఉంది. హెడ్‌మాస్టరు గారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "ఇక్కడ నేను అమ్మని కాదు, టీచర్ని. ఎల్లి కూర్సో!" అని కసిరాను. వెళ్ళి బాబు పక్కన చాప మీద కూర్చుంది. సాయంత్రం వచ్చేస్తుంటే హెడ్‌మాస్టరు గారు మెల్లగా, "రేపట్నుంచి పిల్లల్ని తీసుకురాకండమ్మా, ఎవరైనా సూస్తే మనిద్దరికీ మాటొస్తాది" అన్నారు.

ఇంటికొచ్చాక ముగ్గురం పెరట్లో నీళ్ళు చల్లుకుంటూ తడిసి ముద్దయ్యాం. ఎన్నాళ్ళకో అంతలా నవ్వాను. బాబుని ఒళ్ళో పెట్టుకుని తుడుస్తుంటే చిన్ని చేతులు కట్టుకుని దూరంగా నిలబడింది.

"టీచర్, నేనూ రావచ్చా?"

"అదేటే? నేను అమ్మని కదా!"

"బడిలో కాదన్నావు గదా."

దగ్గరకు లాక్కుని ఏడ్చేశాను. అది నా చెంపలు తుడుస్తూ గుసగుసగా, "ఏడవకు. నువ్వు అమ్మవని సారుకి సెప్పనులే" అంది.

ఇద్దరూ నిద్రపోయారు. రేపు వీళ్ళని ఎవరి దగ్గర వదలాలో ఎంత ఆలోచించినా తోచడం లేదు. ఉద్యోగం మానేస్తే ఇల్లు గడవదు. కానీ 'అమ్మని కాదు' అన్న ఆ మాట మాత్రం చచ్చినా మళ్ళీ అనలేను.