రుమాలు తీసి ఎక్కే కారు

కర్నూలు,
నవంబరు 1953

ప్రియమైన లక్ష్మికి,

రాజధాని వచ్చాక ఊరు గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్నాయి. అద్దెకు ఇల్లు అడిగితే జనం నవ్వుతున్నారు. నేను గాబ్రియేలు గారి కార్ల షాపు మేడ మీదే పడుకుంటున్నాను.

ఒక మంచి మాట. మద్రాసు కంపెనీ వాళ్లు విదేశం నుంచి సామాన్లు తెప్పించి బిగిస్తున్న బుల్‌బుల్ చిన్నకారు ఏజెన్సీ ఆయనకే దక్కింది. అమ్మకం, మరమ్మతు అన్నీ నా చేతి మీదే. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు ఎగబడి కొంటున్నారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పెట్టి నా చేతులు పులుపు వాసన కొడుతున్నాయి. పెళ్లయినప్పటి నుంచి నువ్వక్కడ, నేనిక్కడ. ఇల్లు దొరకగానే ఆ పంతులమ్మ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వచ్చేయి.

నీ
శేషన్న

కడప,
ఏప్రిల్ 1954

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరంలో కారుకు ఒక పేజీ, నాకు ఒక ముక్క. సరే, కారు కబురే చెప్తాను.

మా వీధి సుబ్బయ్య గారు, పెద్ద రైతు, మీ దగ్గర బుల్‌బుల్ కొన్నారు కదా. మొన్న ఇంటిల్లిపాదీ ఒంటిమిట్టకు బయలుదేరారు. తీరా ఎక్కబోతే ఆయన తలకు చుట్టిన రుమాలు కారు కప్పుకు తగిలి జారిపోయింది. తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లన్న ఊరుకుంటాడా? "రుమాలు తీసి తల వంచేదానికి ఇదేమన్నా కలెక్టరు కచ్చేరినా? ఈ బండి మనకేమిటికప్పా?" అన్నాడు. వీధంతా నవ్వింది, సుబ్బయ్య గారు తప్ప. ఆ నవ్వు మీ కారుకు మంచిది కాదనిపించింది. కంపెనీ వాళ్లకు రాయండి.

పరీక్ష పేపర్లు దిద్దాలి. ఈ ఎండాకాలం పోనివ్వండి, రాజీనామా సంగతి చూద్దాం.

మీ
రామలక్ష్మి

కర్నూలు,
ఆగస్టు 1955

ప్రియమైన లక్ష్మికి,

ఇల్లు దొరికింది. చిన్నదే, కానీ బావి ఉంది, నీళ్లు తియ్యగా ఉన్నాయి.

నువ్వు చెప్పినట్టు కంపెనీకి రాశాను. అచ్చులు విదేశంవి, కప్పు ఎత్తు పెంచడం కుదరదన్నారు. పోనీలే, మనకు కొనేది ఆఫీసర్లు, వాళ్లకు తలపాగాలు లేవు. సామాన్లు మాత్రం మద్రాసు నుంచి ఆలస్యంగా వస్తున్నాయి, అదీ సర్దుకుంటుంది.

నువ్వు మొదట పరీక్షలన్నావు, తర్వాత మీ అమ్మ మోకాళ్ల నొప్పులన్నావు. ఖాళీ ఇంటికి తాళం వేసి తీస్తున్నాను. ఎప్పుడొస్తావో రాయి.

నీ
శేషన్న

కడప,
జనవరి 1956

ప్రియమైన శ్రీవారికి,

ఇన్‌స్పెక్షన్ ఉంది, ఇప్పుడు రాలేను. కోపం తెచ్చుకోవద్దు. బుల్‌బుల్ వ్యాపారం ఎలా ఉంది? నిజం రాయండి.

మీ
రామలక్ష్మి

కర్నూలు,
అక్టోబరు 1956

లక్ష్మికి,

నిజం అడిగావు. రాయడానికి ఇన్నాళ్లూ చేతులు రాలేదు.

సామాన్లన్నీ ఇక్కడే తయారు చేయండి, లేకపోతే మూసుకోండి అని ఢిల్లీ వాళ్లు చెప్పారు. కంపెనీ మూసుకుంటోంది. వచ్చే నెల రాజధాని హైదరాబాదుకు పోతోంది. నిమ్మకాయలు తొక్కించుకున్న ఆఫీసర్లే కార్లు తెచ్చి వెనక్కి తీసుకోమంటున్నారు.

మిగిలిన కార్లు రైతులకు అమ్ముదామని కోడుమూరు వైపు ఊరూరా తిప్పాను. పెద్ద ఈరన్న అని ఒక ఆసామి చుట్టూ తిరిగి చూసి, తలగుడ్డ తడుముకుని, "బండి బాగుండాదప్పా. రుమాలు లేకుండా దిగితే మా ఊర్లో నన్నెవరు గుర్తుపడతారు?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఇన్నేళ్లూ ఆ కప్పు ఎత్తు నా వట్టి తలతో కొలుచుకుని మురిసిపోయాను.

శానా అలిసిపోయాను లక్ష్మీ. హైదరాబాదులో వేరే కంపెనీ కార్లు అమ్ముదాం రమ్మంటున్నారు గాబ్రియేలు గారు. పోతాను. నీకు రావడం ఇష్టం లేదని ఆలస్యంగా అర్థమైంది. తప్పు పట్టను. ఇల్లు ఖాళీ చేస్తున్నాను. ఇక నిన్ను రమ్మని రాయను.

శేషన్న

కడప,
అక్టోబరు 1956

ప్రియమైన మీకు,

మీ బుల్‌బుల్ పని అయిపోయిందని నాకు పోయినేడే తెలుసు. సుబ్బయ్య గారి కారు సామాను దొరక్క ఆగిపోతే, ఎడ్లు కట్టి మా బడి ముందు నుంచే లాక్కుపోయారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది. మీ చేతి పనిని ఎగతాళి చేసినట్టు ఉంటుందని మీకు రాయలేదు. ఇద్దరం ఒకేసారి జీతం లేకుండా కూర్చోకూడదని ఉద్యోగం వదల్లేదు. పేపర్లు, మోకాళ్లు అన్నీ సాకులే. దాన్ని మీరు ఇష్టం లేకపోవడం అనుకున్నారు. మూడేళ్లుగా ఒంటరిగా తింటున్నది మీరొక్కరే కాదు.

ఉద్యోగం వదలకుండానే మీ దగ్గరికి రావాలని పోయిన నెల బదిలీకి పెట్టుకున్నాను. అందరూ హైదరాబాదు అడుగుతుంటే నేను కర్నూలు అడిగాను. ఆఫీసు గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, "రాజధాని పోతాండాది గదమ్మా, ఇప్పుడు ఆడికి పోయి ఏం చేస్తావు?" అన్నాడు.

"మా ఆయన ఆడనే ఉండాడు" అన్నాను.

ఆర్డరు, మీ ఉత్తరం ఒకే రోజు వచ్చాయి. సోమవారం మధ్యాహ్నం బస్సులో దిగుతున్నాను. ఇల్లు ఖాళీ చేయకండి. హైదరాబాదు పోయి, ఆ గుమాస్తా ముందు నన్ను అబద్ధాలకోరును చేయకండి.

మీ
రామలక్ష్మి