చచ్చిన రాజు చేసిన పెళ్లి

మందిర కార్యదర్శి గారికి, తోలు బైండరు నమస్కారాలు.

మీ మహాగ్రంథం నా బల్ల మీదికి వచ్చింది. వీపు చీలింది, అట్టకు బూజు పట్టింది. పని ఉచితంగానే చేస్తాను. ఒకటే కోరిక. వార్షికోత్సవం నాడు మా మనవరాలు పీఠం దగ్గర నిలబడి ఒక్క అధ్యాయం చదవాలి. పాత లిపి నా దగ్గరే నేర్చుకుంది, ఇప్పుడు నా తప్పులే దిద్దుతోంది.

ఇట్లు,
నలభై ఏళ్లుగా మీ చెప్పుల స్టాండు పక్కన కూర్చుంటున్నవాడు

తా.క. వాన పడితే అక్కడ జల్లు కొడుతుంది. ఫిర్యాదు కాదు, సమాచారం.

*

బైండరు గారికి,

మీ ఔదార్యానికి సంతోషం. మీ పేరున పాలరాయి పెట్టిస్తాం, స్టాండు పైనే, అందరికీ కనిపించేలా. చదవడం మాత్రం కుదరదు. డబ్బు సంగతి కాదండీ. మా బావమరిది కటిక పేదవాడు, చిరుగుల చొక్కాతో ముందు వరుసలోనే కూర్చుంటాడు. తోలు ముట్టిన ఇంటివాళ్లు గ్రంథం ముట్టకూడదు, అంతే.

భవదీయుడు,
కార్యదర్శి

తా.క. గ్రంథాన్ని కాస్త జాగ్రత్తగా ముట్టుకోండి.

*

కార్యదర్శి గారికి,

పాలరాయి వద్దు. ఒక నేరం ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్ల కిందట ఈ గ్రంథం కుట్టింది నేనే. రెండు కట్టల కాగితాలు తారుమారు చేశాను. ఒకచోట చచ్చిన రాజు, ఇరవై పేజీల తర్వాత దర్జాగా కూతురి పెళ్లి చేస్తాడు. ఎవరైనా వచ్చి తిడతారని ఎదురుచూశాను. ముప్పై ఏళ్లు! ముందు వరుసలో ఒక్క కనుబొమ్మ కదల్లేదు. ఇప్పుడు విప్పి, సరిగ్గా కుట్టి పంపుతున్నాను.

ఇట్లు,
ముట్టినవాడు

తా.క. అట్ట తోలుదే. ఎవరు మోస్తారో ముందే తేల్చుకోండి.

*

అయ్యా,

ఎంత పని చేశారు! రాజు లేచి పెళ్లి చేయడమే మా శాఖ గొప్ప. పక్క వీధి మందిరంలో చచ్చిన రాజు చచ్చినట్టే ఉంటాడు, అందుకే వాళ్లకు పిల్లనివ్వం. మీ ఉత్తరం సంగతి బయటపడి, గ్రంథంలో ఉన్నది ఉన్నట్టు చదవాలని అందరూ పట్టుబట్టారు. తీరా చూస్తే ఏటా పీఠం దగ్గర గ్రంథం చదివే మా చదువరికి పాత లిపి రాదట! తండ్రి దగ్గర విని కంఠస్థం చేశాడట, పేజీలు అందానికి తిప్పుతాడట. ముందు వరుసలో ఇంకెవరికీ రాదు. ఎల్లుండే ఉత్సవం. అమ్మాయిని పంపండి. తెర వెనక కూర్చుని చదివితే, చదువరి ముందు నిలబడి పెదవులు కదుపుతాడు.

మీ
కార్యదర్శి

తా.క. ఈ ఉత్తరం చింపేయండి.

*

కార్యదర్శి గారికి,

చింపలేదు, బైండు చేశాను.

తెర సంగతి మనవరాలికి చెప్పాను. "చీకట్లో నాకు అక్షరాలు కనపడవు తాతయ్యా" అంది. వస్తుంది. ముందు తలుపు నుంచే, పనిబట్టల్లోనే. జిగురు అంటిన వేళ్లతో పేజీ తిప్పుతుంది. నేను ముందు వరుసలో కూర్చుంటాను. తప్పు చదివితే తిట్టడానికి అక్కడ ఒక్కడైనా ఉండాలి కదా.

ఇట్లు,
చదవబోయే పిల్ల తాత

తా.క. చదువరి గారిని తప్పక రమ్మనండి. సరైన వరసలో కథ చివరికి ఏమవుతుందో పాపం ఆయనకు ఇంతవరకూ తెలియదు.