చెవి కోసిన చెట్టు

ఏమండీ,

మీ భార్య నమస్కారాలు. అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. మీ తమ్ముడి కాలు తప్ప మిగతా అంతా క్షేమమే. పిల్ల బడికి వెళ్తోంది, నేను ల్యాబుకి వెళ్తున్నాను.

ముందు మీరడిగినవాటికి జవాబులు. కాలు రెండుచోట్ల విరిగింది, కట్టు వేశారు. మూడు నెలలకి నడుస్తాడని డాక్టరు గట్టిగానే చెప్పాడు. మళ్ళీ చెట్లెక్కుతాడో లేదో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. నోటికి మాత్రం ఏ లోటూ లేదు మహానుభావుడికి. ఆసుపత్రి కాఫీ గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉందని రోజూ నర్సుతో పేచీ.

ఇక మీ రెండో ప్రశ్న. "ఆ మేస్త్రీ ఏం చూసి ఎక్కించాడు? వాణ్ణి వదలొద్దు" అని నిప్పులు చెరిగారు. ఆ ముక్క చదివినప్పటినుంచీ నాకు ముద్ద దిగడం లేదు.

మా అడవిలో పనివాళ్ళు చెవి ఉన్న మాను ఎక్కరు. చెవి అంటే బెరడులోంచి అరలా పొడుచుకొచ్చే గట్టి పుట్టగొడుగు. మామూలు వాటికున్నట్టు అడుగున రేకులుండవు, సూదితో గుచ్చినట్టు సన్నటి రంధ్రాలుంటాయి. దాన్లో రెండు రకాలు. ఒకటి చచ్చిన బెరడు తిని ఊరుకుంటుంది. రెండోది లోపలి చేవనే తినేస్తుంది, పైకి మాత్రం చెట్టు పచ్చగా నవనవలాడుతూ ఉంటుంది. చూడ్డానికి రెండూ కవలపిల్లలే. కోసి చూస్తేగానీ తేలదు. అది తేల్చడమే నా ఉద్యోగం. పనివాళ్ళకి ఆ తేడాతో పనిలేదు, చెవి కనిపిస్తే చాలు, తాడు చుట్టేసుకుని వెళ్ళిపోతారు.

ఏమండీ, ఆ చెట్టుకి చెవి ఉండేది. నేనే కోశాను.

ఒక్కటే ఉంది, నడుమెత్తున. ఏ రకమో చూద్దామని ఉలితో పెకలించి సంచిలో వేసుకున్నాను. కోసేముందు ఎవరూ ఎక్కకుండా గుర్తుగా మాను చుట్టూ పసుపు రంగు పట్టీ వేయాలి. రంగుడబ్బా జీపులో ఉండిపోయింది, వాన మొదలైంది, రేపు వేద్దాంలే అనుకున్నాను. మర్నాడంతా ల్యాబులో దాన్ని కోసి పొరలు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఏడాదికో పొర, మొత్తం పదకొండు. చేవ తినే రకమే! దొరికిందని ఎంత సంబరపడ్డానో, నా మొహం మండ. పట్టీ సంగతే మర్చిపోయాను.

మూడోరోజు పొద్దున్నే దారిమీదికి వంగిన కొమ్మలు కొట్టడానికి మీ తమ్ముడు అదే చెట్టెక్కాడు. మేస్త్రీ రెండుసార్లు చుట్టూ తిరిగి చూశాకే ఎక్కనిచ్చాడట. నేను కోసిన మచ్చ వానకి నల్లబడి బెరడులో కలిసిపోయింది. వాడు సగం ఎక్కేసరికి మాను ఫెళ్ళున విరిగింది.

మేస్త్రీని పనిలోంచి ఆపేశారు. సోమవారం విచారణ. పన్నెండు రోజులు నోరు మూసుకున్నానండీ. ఉద్యోగం పోతుందని భయం, మీరేమంటారోనని అంతకంటే భయం.

నిన్న మీ తమ్ముడికి చెప్పేశాను. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. తర్వాత, "నన్ను తీరిగ్గా బతిమాలుకుందువుగాని వదినా, ముందు మేస్త్రీకి చెప్పు. రోజూ వస్తాడు. లోపలికి రాడు, వరండాలో కూర్చుని వెళ్ళిపోతాడు" అన్నాడు.

వెళ్ళాను. బెంచీ మీద ఉన్నాడు. తిడతాడనుకున్నాను, చెయ్యెత్తినా పడదామనుకున్నాను. ఆయన మాత్రం, "చెవి ఉందా అమ్మా? నిజంగా ఉందా? నువ్వు కోశాకేనా నేను చూసింది?" అని మళ్ళీ మళ్ళీ అదే అడిగాడు. ఔనన్నాను. అంత పెద్దమనిషీ భోరుమన్నాడు.

"నా చూపు పోయిందనుకున్నానమ్మా. ఇంకెంతమందిని ఇలా ఎక్కించానో అనుకుంటూ చస్తున్నాను."

జరిగిందంతా పొద్దున ఆఫీసులో రాసిచ్చి వచ్చాను. నన్ను ఎంతైనా తిట్టండి, పడతాను. మేస్త్రీకి మాత్రం మీ చేత్తో క్షమించమని ఒక్క ముక్క రాయండి.

ఇట్లు,
మీ తమ్ముడి కాలు విరగ్గొట్టిన వదిన