‘ఏమో’ రాలిపోయిన మాట

అమ్మా,

నీకు నమస్కారాలు. నాకూ అత్తయ్యకూ ఒంట్లో బాగానే ఉంది. నీ మోకాలి నొప్పి తగ్గిందని చదివి మనసు కాస్త కుదుటపడింది. ఇక్కడ ముసురు వదలడం లేదు. మా లాండ్రీలో బట్టలు ఆరక, ఇస్త్రీపెట్టెతోనే ఆరబెడుతున్నాం.

అత్తయ్య తింటోందా అని అడిగావు. తింటోంది. మా ఆయన పనిచేసే ఓడ మునిగిందని తెలిసినప్పుడు మంచం దిగని మనిషి, పోయిన నెల నుంచి లేచి తిరుగుతోంది. అప్పుడే మందుల షాపు ఆయన నన్ను ఆపి, “మీ ఆయన్ని ఏదో రేవులో చూశారటగా అమ్మాయ్. చేతికి కట్టు ఉందట, అందుకే ఉత్తరం రాయట్లేదట” అన్నాడు. పరుగున వచ్చి అత్తయ్యకు చెప్పాను. అప్పటినుంచి ఆవిడ ముఖం చూసి నేనూ, నా ముఖం చూసి ఆవిడా ధైర్యం తెచ్చుకుంటున్నాం.

“అల్లుడు బతికే ఉన్నాడని నీకెలా తెలుసే?” అని రాశావు. ఆ ముక్క చదివాక చూసినవాళ్ళెవరో కనుక్కుందామని బయలుదేరాను. మందుల షాపు ఆయనకు పోస్ట్‌మాన్ చెప్పాడట. పోస్ట్‌మాన్‌ని అడిగితే, “మీ అత్తగారే అన్నారు కదమ్మా” అన్నాడు. ఇంటికొచ్చి ఆవిణ్ణి అడిగాను.

“నువ్వే కదే చెప్పావు? ఏ ఒడ్డుకో చేరి ఉంటాడు, చేతికి దెబ్బ తగిలి రాయలేకపోతున్నాడేమో అని.”

నిజమే. ఆవిడ చేత రెండు ముద్దలు తినిపించాలని అన్నాను. ఆ ‘ఏమో’ దారిలో ఎక్కడో రాలిపోయింది. మిగతా మాట ఊరంతా తిరిగి నా దగ్గరికే వస్తే, నాదని గుర్తుపట్టలేకపోయాను.

ఇంకో సంగతి ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను. మొన్న రేవు ఆఫీసువాళ్ళు మా ఇద్దరినీ పిలిచారు. సముద్రంలో దొరికిన మనిషి ఒంటి మీదదంటూ ఒక చొక్కా బల్ల మీద పరిచారు. అరిగిన కాలరు తిరగేసి కుట్టి ఉంది. అది అత్తయ్య కుట్టు. నేను ఇస్త్రీ చేసి ఆయన పెట్టెలో సర్దిన చొక్కా.

ఆవిడ నా ముఖమే చూస్తోంది. “ఆయనది కాదు” అన్నాను.

ఆఫీసరు అత్తయ్య వైపు తిరిగాడు. ఆవిడ కాలరు మీద వేలు పెట్టి, కుట్టు వెంట మెల్లగా నడిపింది. “మావాడిది కాదు బాబూ” అంది.

ఇంటికొచ్చి ఇద్దరం తిన్నాం. ఇద్దరికీ తెలుసు. ముందు ఎవరు ఏడిస్తే వాళ్ళే ఆయన్ని చంపినట్టవుతుందని నోరు విప్పడం లేదు. ఇంట్లో ఊపిరాడడం లేదమ్మా. నువ్వొకసారి రా. వచ్చి, ఆయన లేడని మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పు.

ఇట్లు,
నీ చిన్నది