చీనా మంత్రి అడిగే ప్రశ్న

నాన్నా,

ఇవాళ మద్రాసు పురసవాక్కంలో చీనా పళ్ల డాక్టరు దగ్గర అమ్మకు పన్ను పీకించాను. నువ్వు క్లాసులో చెప్పే ముసలి చీనా మంత్రి గుర్తొచ్చాడు. రాయబారానికి దేశాలు తిరుగుతూ, తమ దేశంలో అది మర్యాదని దొరసానుల్ని కూడా వయసడిగి బెంబేలెత్తించినవాడు!

అమ్మ కుర్చీలో కూర్చోగానే ఈ డాక్టరూ తమిళంలో అదే అడిగాడు. బుగ్గ వాచినా అమ్మ ఊరుకుంటుందా?

"యాభై ఆరు. నీకెంత నాయనా? పెండ్లయిందా? ఈడనే పుట్టినావా?"

తెలుగూ తమిళమూ కలిపి అడిగింది. ఆయన నవ్వుతూ అన్నిటికీ జవాబు చెప్పి, "మీ ఇంటాయనకెంత?" అన్నాడు.

అమ్మ వేళ్లు మడిచి లెక్కేసింది.

"వచ్చే ఆవణి నెలకి అరవై రెండు."

నువ్వు పోయాక గడిచిన రెండేళ్లనూ కలిపేసింది. పంతులుగారి కొడుకునే, అయినా నేను దిద్దలేదు.