నాలాలోకి చుక్క రంగు పోదు

జూన్ 8

శపథం! నా అద్దకం రంగు నీళ్లు ఇక నాలాలోకి చుక్క కూడా పోవు. పల్లంలో ఉండే నూకమ్మ పిన్ని ఇవాళ గట్టిగా కేకలేసింది. "ఇంకోపాలి ఈ నీల్లు నా గుమ్మం ముందుకొత్తే నీతో మాటాడను కల్యాణీ!" ఆదిత్యపూర్‌లో అందరూ హిందీవాళ్లే ఉన్న మా గల్లీలో నాతో తెలుగు మాట్లాడేది ఆవిడొక్కతే.

అక్క కూతురు నవ్య తన కాలేజీ ల్యాబ్‌లో చేసిన నల్లపొడి ఇచ్చింది. రంగు నీళ్లలో కలిపి ఎండలో పెట్టాలి. ఎండ తగిలితే ఆ పొడి రంగును విరగ్గొడుతుందట. తర్వాత అయస్కాంతంతో పొడిని లాగేసి మళ్లీ వాడుకోవచ్చు!

జూన్ 9

అద్భుతం! నీలం నీళ్లు సాయంత్రానికి తేటపడ్డాయి. అయస్కాంతం పెట్టగానే పొడంతా పరుగెత్తుకొచ్చి అంటుకుంది.

"ఓలమ్మో! మంత్రమేటే?" అంది పిన్ని.

"సైన్సు పిన్నీ!" అన్నాను, నేనే కనిపెట్టినట్టు.

జూన్ 11

సాక్చి బజారులోని షాపు నుంచి పెళ్లి చున్నీల ఆర్డరు. అన్నీ ముదురెరుపు. నీళ్లు చిక్కగా ఉండి ఎండ లోపలికి దిగడం లేదు. నవ్యకి ఫోన్ చేశాను.

"మౌసీ, పానీ మిలావో, పతలా కరో!"

నీళ్లు కలిపి పలచన చేస్తే ఒక టబ్బు మూడు టబ్బులైంది. వాకిట్లో నడిచే చోటు లేదు. పర్లేదు.

జూన్ 13

మబ్బు. నా తప్పేం లేదు. అయస్కాంతం ఫ్రిజ్‌కి అంటుకుని రావడం లేదు. రేపు చూద్దాం.

జూన్ 14

మళ్లీ మబ్బు. చున్నీలు రేపే ఇవ్వాలి, టబ్బులు ఖాళీ లేవు. ఒక్క చెంబు నాలాలో పోస్తే ఏమవుతుంది? పోశాను. ఏమీ కాలేదు. ఇంకో చెంబు. ఆ తర్వాత చెంబెందుకని టబ్బులే వంచేశాను.

పొడితో సహా!

జూన్ 15

రాత్రి వాన. నాలా పొంగింది. పొద్దున్నే పిన్ని తెల్ల బాతులు గులాబీ రంగులో నడిచొచ్చాయి. వెనకే పిన్ని.

"ఏటే కల్యాణీ! నా బాతులకి పెల్లి సేత్తన్నావేటి?"

నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. వెళ్లి తలుపేసుకుంది.

జూన్ 17

నిన్నంతా పిన్ని మాట్లాడలేదు. ఇవాళ నేనే వెళ్లాను. బాతుల్ని కడుగుతోంది. నేనూ ఒకదాన్ని పట్టుకుని తోమాను.

"ఎండ లేదు పిన్నీ. ఆర్డరేమో అర్జెంటు..."

"ఆ మాట ముందే సెప్పుంటే నా డ్రమ్ములు ఇద్దును కదేటే. ఎండొచ్చీదాకా నీల్లు అందులో దాసుకుందువు. అడగడానికి నోరు లేదేటి?"

లేకపోయింది.

జూన్ 18

ఎండ! నవ్య తిట్టి మరీ ఇంకో సీసా పొడి ఇచ్చింది. పిన్ని డ్రమ్ములు మా వాకిట్లోకి వచ్చాయి. శపథం మళ్లీ మొదలు! పొడి కలపబోతే పిన్ని నా చేతిలో కలిపే కర్ర లాక్కుంది.

"నివ్వెల్లి కొత్త ఆర్డరు సూసుకో. నీ మీద నమ్మకం కుదిరీదాకా ఈ కర్ర నా సేతిలోనే ఉంటాది."