నేనెక్కాల్సిన బండి

అన్నయ్యా,

నువ్వు చెప్పినట్టే, కొనేముందు మీ బావగారిని షోరూముకి తీసుకెళ్లాను. నడుం ఆపరేషనయ్యాక ట్రాక్టరు ఎక్కగలరో లేదోనని నా భయం. నాలుగు చిన్న బండ్లు ఎక్కి దిగారు. ఆఖరిదానికి మెట్టు బాగా కిందికి ఉంది, సీటు మెత్తగా ఉంది. నా చెయ్యి పట్టుకోకుండానే ఎక్కి, "ఇదేనే! దీనిమీదైతే పొద్దుగూకేదాకా దున్నుతా" అన్నారు. ఏడాది తర్వాత మళ్లీ ఆ నవ్వు చూశాను.

నిన్న డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి, ఇక నడుముకి కుదుపు తగిలితే ఆయన కాళ్లు పడిపోతాయన్నాడు. ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. "అయితే నువ్వెక్కు" అని అటు తిరిగి పడుకున్నారు.

పొలం బీడు పెట్టలేను కదా. ఆ బండే కొంటున్నాను. నడపడం నువ్వే నేర్పాలి. ఆయన కళ్లెదుట మాత్రం వద్దన్నయ్యా, మీ చేలో నేర్చుకుంటాను.

నీ చెల్లి